వానకు మానిన యాత్ర



పయనమైనవాడు నడిదారిలో తిరిగివచ్చుట మన పల్లెలలో చిన్నతనముగా నెంచబడును. ఓపిక చాలలేదని కొందరందురు. శకునము మంచిది కాదేమో యని కొందరందురు. ఎవరికి చెప్పి బయలుదేరితిమో వారి మొగము మరల చూచుట కష్టము. దైవదర్శనమునకని సంకల్పము చెప్పుకొని, దర్శనము కాకయే ఇల్లు చేరినచో ఆ చిన్నతనమునకు పాపభీతియు తోడగును. అట్లు తిరిగివచ్చిన వారిలో నేనొకడను. నా కథను కొంత, మన సీమ చరిత్రను కొంత చెప్పి, నడక మానుట యెప్పుడు దోషము, ఎప్పుడు ధర్మము అను విషయమును మీ యెదుట విచారింప దలచితిని.

మా తల్లిగారు శ్రీశైలమునకు కాలినడకను వత్తునని మ్రొక్కుకొనిరి. ఆమె జీవించియుండగా అది తీరలేదు. ఆ ఋణము నా తలపై నుండెను. 2009వ సంవత్సరమున సెప్టెంబరు 28వ తేదీ విజయదశమి. దసరా సెలవులకు మరికొన్ని దినముల సెలవు కలుపుకొని, పండుగ మరునాటి తెల్లవారుజామున ఆదోనినుండి ఒంటరిగా బయలుదేరితిని. యెమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు, కర్నూలు, ఆత్మకూరు, అచ్చటినుండి నల్లమల అడవిబాట. మొత్తము సుమారు 200 కిలోమీటర్లు. తోడు వత్తుమన్న వారిని వలదంటిని. అది భక్తియో, గర్వమో నేడును చెప్పజాలను.

ఆ దినమును నేనూరక యెన్నుకొనలేదు. శాస్త్రము చదివినవాడను గదా! విజయదశమితో వానకాలము ముగియునని, జైత్రయాత్రకు అది ముహూర్తమని, రాజులు ఆనాడే సీమోల్లంఘనము చేయుదురని బాల్యమునుండి చదివి, పిల్లలకు బోధించినవాడను. పైగా ఆ యేడు వానలు లేవు. దేశమంతట నైరృతి ఋతుపవనము సాధారణమునకంటె సుమారు 22 శాతము తక్కువగా కురిసిన కరవు సంవత్సరమది. మన చేలు ఆకాశమువంక చూచి చూచి వాడియుండెను. అట్టి యేట దసరా దాటిన పిమ్మట వాన నా నడకకు అడ్డుపడునని యెవరనుకొందురు?

మొదటినాటి సాయంకాలమునకు యెమ్మిగనూరు చేరితిని. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేతపనివారి సహకార సంఘమువలన పేరు గాంచిన ఊరది. అచ్చట నాయొద్ద చదువుకొన్న ఒక నేతగాని యింట బస చేసితిని. రాత్రి వాన మొదలిడెను. ఇంటివారందరు సంతసించిరి, కరవునాటి వానకు సంతసింపని వారెవరు? ఉదయమునకు గూడ అది విడువలేదు. శిష్యుడు మగ్గపు గుంటలోనికి తొంగిచూచి యిట్లనెను: "అయ్యవారూ, గుంటలో నీళ్ళూరితే మేం మగ్గం దిగం. పడుగుకు గంజి పెట్టినా ఆరదు. మా పనికే ఈ వాన సెలవిస్తే, మీరు మాత్రం ఎట్ల నడుస్తారు? రెండునాళ్ళు ఉండి పోండి." అతని మాట నాకు చిన్నపిల్లవాని మాటగా తోచెను. మధ్యాహ్నమున వాన కొంచెము తెరపి యియ్యగనే బయలుదేరి, చీకటిపడు వేళకు తడిసి ముద్దయై గోనెగండ్ల చేరితిని.

మరునాడు, అనగా అక్టోబరు 1వ తేదీన, కోడుమూరు దారిలో కొంత దూరము పోగా ఒక వంక రోడ్డుమీదుగా పారుచుండెను. నీరు మోకాలిలోతో, నడుములోతో తెలియరాదు. ఎఱ్ఱగా, సుడులు తిరుగుచు పోవుచున్నది. వంకకు ఎగువన చేలగుండ పాత బండిబాట యున్నదని వినియుంటిని. ఆ బాటను పోయి, ఎగువన సన్నగా నున్నచోట దాటుదునని రోడ్డు దిగితిని.

నల్లరేగడి సంగతి మీకు నేను చెప్పవలసిన పనిలేదు. వేసవిలో కాలు దూరునంత నెఱ్ఱెలు విచ్చు నేల. తడిసినచో ఉబ్బి బంకయగును. ఒక్కొక్క యడుగునకు కాలికి శేరు మన్ను అంటుకొనును. చెప్పులు మొదటి పది నిమిషములలోనే పోయినవి. గంట సేపు నడచి వెనుకకు చూచితిని. నేను దిగిన రోడ్డు కన్నుల యెదుటనే యుండెను. అప్పుడు గోనెసంచి తలకు కప్పుకొని గట్టుమీద నిలిచియున్న ఒక వృద్ధ రైతు నన్ను కేకవేసెను.

"అయ్యోరా, యాడికి?"

"శ్రీశైలం, పెద్దాయనా."

"ఈ వంక దాటేది కాదు. నీళ్ళ రంగు చూడండి, పైన ఇంకా వాన ఉంది."

సంకల్పము చెప్పుకొని వచ్చితిననియు, వెనుకకు తిరుగరాదనియు నేను చెప్పితిని. అతడు నవ్వలేదు. తన చేనిని చూపి యనెను: "నా పత్తి నాలుగెకరాలు నీళ్ళలో ఉంది. నా చేన్లోకి నేనే దిగలే. మీరు దీంట్లో దారి పోతారా? మల్లన్న యాడికి పోతాడు అయ్యోరా? వంక తగ్గినంక రాండి."

నేను మారు పలుకలేకపోయితిని. అతని చేయి పట్టుకొని రోడ్డెక్కి, గోనెగండ్లకు తిరిగి నడచితిని. ఆ నడకలో నా మనస్సున నున్నది వానభయము కాదు, సిగ్గు. హారతిచ్చి పంపిన ఇరుగుపొరుగువారికి, పాఠశాలలో పిల్లలకు ఏమని చెప్పుదునను సిగ్గు. అన్నిటికంటె, తల్లి ఋణము నడిదారిలో పారవైచితినను బాధ.

ఆ బాధయే నన్ను తరువాత చరిత్ర గ్రంథములవైపు నడిపించినది. వానకు నడక మానినవాడను నేనొక్కడనేనా, మన పెద్దలును మానిరా యని వెదకితిని. దొరకినవి కొన్ని విన్నవించెదను.

మొదటిది మన ఆదోని పేరు వచ్చు కథయే. 1366 ప్రాంతమున విజయనగర రాజునకును బహమనీ సుల్తాను మొదటి మహమ్మదు షాకును కృష్ణాతుంగభద్రల నడిమి సీమకై యుద్ధము జరిగెను. ఆ కథను ఫెరిస్తా యను చరిత్రకారుడు సుమారు 240 ఏండ్ల పిమ్మట బీజాపురమున కూర్చుండి వ్రాసెను. ఆ రాజు మొదటి బుక్కరాయలని చరిత్రకారులు గుర్తించిరి. సుల్తాను కృష్ణ దాటి వచ్చుచున్నాడని విని రాయలు తన ఏనుగులను, ధనమును, సామగ్రిని రాత్రికి రాత్రి విజయనగరమునకు పంపబూనెను. ఆ రాత్రి గాలివాన. సామానుల నెత్తిన జంతువులు బురదలో దిగబడి నాలుగు మైళ్ళకు మించి సాగలేకపోయినవట. తెల్లవారునప్పటికి సుల్తాను వచ్చి పడగా రాయల సేన చెదరి ఆదోని కోటవైపు పరుగెత్తెను. ఫెరిస్తా చెప్పు హతుల లెక్కలు నమ్మదగినవి కావు. గాని బురద మాట మాత్రము మన నేల నెరిగినవాడెవడైనను నమ్మును. ఏనుగులను దిగవేసిన రేగడి, సంచి భుజమున వేసికొన్న బడిపంతులును విడుచునా?

అదే సీమలో, అదే రాచూరికై, శ్రీకృష్ణదేవరాయలు చేసిన యుద్ధము చూడుడు. ఆ పోరు 1520 మే నెలలో జరిగినట్లు చరిత్రకారులు నిర్ణయించిరి. మే యనగా వంకలు ఎండి, నేల రాయివలె గట్టిపడి, బండ్లు ఎటుబడిన నటు పోగల కాలము. పరాక్రమము రెండు యుద్ధములందును కలదు. కాలము అనుకూలించినది ఒకదానియందే. విజయదశమినాటి సీమోల్లంఘనమను ఆచారమునకును మూలమిదియే. వానలలో సేనను కదపరాదు, వానలు వెలిసిన పిమ్మట కదపవలెనని దాని భావము. నేను ఆ యాచారములోని తేదీని పట్టుకొంటిని గాని దాని భావమును విడిచితిని. పంచాంగము దశమిని చెప్పును. వాన వెలిసినదో లేదో మనము తలయెత్తి చూడవలెను. పైగా మన పడమటి తాలూకాలలో శ్రావణముకంటె భాద్రపదాశ్వయుజములలోనే వాన హెచ్చని ప్రతి రైతునకు తెలియును. పుస్తకము చదివిన నాకు అది తోచలేదు.

రాజుల మాట యటుండనిండు. ఒంటరిగా నడచుటయే వ్రతముగా గల సన్న్యాసుల సంగతి విచారింతము. పరివ్రాజకుడనగా తిరుగువాడు. ఒకచోట నిలువకుండుటయే అతని ధర్మము. అట్టివానికే శాస్త్రము వానకాలమున నిలువుమని విధించినది. అదియే చాతుర్మాస్యము. పక్షమునే మాసముగా గణించి, ఆషాఢ పూర్ణిమనుండి భాద్రపద పూర్ణిమవరకు యతులు ఒకేచోట నుండుట నేటికిని మఠములలో చూచుచున్నాము. మనకు దగ్గరనే తుంగభద్రాతీరమున మంత్రాలయము కలదు. పూర్వము మంచాల యనబడిన ఆ గ్రామమును ఆదోని పాలకుడు సిద్దీ మసూదుఖాను ఇచ్చెనని మఠసంప్రదాయము. అచ్చట 1671లో బృందావన ప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామివారి ఆరాధన శ్రావణ బహుళమున, అనగా ఈ నిలుకడ దినములలోనే జరుగును.

బౌద్ధభిక్షువులకును మూడు నెలల వర్షావాసము విధింపబడినది. భిక్షువులు వానలో తిరుగుచు పచ్చని మొలకలను, చిన్న ప్రాణులను త్రొక్కుచున్నారని జనులు నిందింపగా ఆ నియమమేర్పడినదని వారి వినయగ్రంథము చెప్పును. ఇంకొక విశేషము: వెల్లువ వచ్చి ఉన్న చోటు మునుగునట్లున్నచో, ఆ వ్రతము నడుమనే చోటు విడువవచ్చుననియు అందే యున్నది. నిలువుమన్న శాస్త్రమే, నిలుచుట ప్రాణాపాయమైనచో కదలుమన్నది. వ్రతమును చెప్పినవారు వ్రతి ప్రాణమును మరువలేదు.

మన పత్తికొండకు సమీపమున నున్న ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములు కలవని మీలో పలువురెరుగుదురు. అందు చిన్న శిలాశాసనమున 256 అను అంకె కనబడును. అది ప్రయాణమున గడపిన రాత్రుల సంఖ్య యని పండితులు పలువురు వ్యాఖ్యానించిరి. ఆ వ్యాఖ్య నాకు మిక్కిలి నచ్చినది. ఇన్ని యోజనములు నడచితినని కాక, ఇన్ని రాత్రులు ఆగితినని లెక్క. మన తెలుగువారును కాశీ ప్రయాణమును మజిలీలతోనే లెక్కించిరి. మజిలీ యనగా దిగుచోటు. నిలుచుట కూడ ప్రయాణములో భాగమేయని ఆ మాటలోనే యున్నది.

పరదేశపు బాటసారులును ఈ పాఠమును నేర్చుకొనినవారే. 1470 ప్రాంతమున రష్యా దేశపు వర్తకుడు అఫనాసీ నికితిన్ పడమటి సముద్రపు రేవున దిగి, జున్నరు చేరి, వానలును బురదయు నుండగా రెండు నెలలు అచ్చటనే నిలిచి, పిమ్మట బీదరు పోయెను. అంతకు పూర్వము 7వ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ మన ధాన్యకటకమున నుండి, కంచి చేరి, అచ్చటినుండి సింహళమునకు పోదలచెను. ఆ దీవినుండి వచ్చిన భిక్షువులు అచ్చట రాజు మరణించెననియు, కరవు వచ్చెననియు చెప్పిరి. అతడు సింహళయాత్ర మానుకొనెను. ఎడారులను, మంచుకొండలను దాటివచ్చిన వానిని పిరికివాడని యెవరనగలరు? అతని కీర్తికి ఆ మానుకొనుటవలన కొరత రాలేదు.

ఆగని వారి కథయు ఒకటి చెప్పవలెను. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827లో, పదవి విడిచి స్వదేశము పోవుటకు ముందు, దత్తమండలములను కడసారి చూడ వచ్చెను. ఈ మండలముల కలెక్టరుగా తాను పూర్వము తిరిగిన నేల గనుక దానిపై ఆయనకు మక్కువ. అప్పుడీ సీమలో కలరా వ్యాపించియుండెను. వెంటనున్న సిబ్బందిలోనే కొందరు దానికి గురియైరి. అయినను పర్యటన సాగెను. జూలై 6వ తేదీన పత్తికొండ మజిలీలో ఆయనకే ఆ వ్యాధి సోకి, ఆ రాత్రియే మరణించెను. ఆయనను గుత్తిలో పూడ్చి, పిదప అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి చేర్చిరి. ప్రజలను చూడవలెనను కోరిక తప్పు కాదు. కాలము బాగులేనప్పుడు ఆ కోరికయే ప్రాణము గొనును.

ఇట్లు విచారింపగా, యాత్రలకు కాలనిర్ణయము చేసిన మన పెద్దల బుద్ధి నాకు తెలియవచ్చినది. నేటికిని ఉగాదికి ముందు కన్నడదేశమునుండి వేలకొలది భక్తులు మన యెమ్మిగనూరు, ఆదోని దారులను శ్రీశైలమునకు నడచిపోవుట చూచుచున్నారు. వారు ఫాల్గుణమున ఏల నడతురు? ఎండ తీవ్రమే. గాని ఎండను తెల్లవారుజామున, రాత్రివేళ నడచి తప్పించుకొనవచ్చును. చలివేంద్రములు దాహము తీర్చును. పొంగిన వంకను మాత్రము ఏ వేళను తప్పించుకొనలేము. ఆ దినములలో వంకలు ఎండియుండును. అడవిబాటలో కాలు జారదు. అది భక్తులు తమ కాళ్ళతో కనుగొన్న ముహూర్తము. 1871లో మద్రాసు రైలు ఆదోని మీదుగా రాచూరు చేరిన పిమ్మట, ఆపై బస్సులు వచ్చిన పిమ్మట, కాలినడకకు కాలము చూచు వాడుక మనకు తప్పినది. రైలెక్కువానికి వంకతో పని లేదు. నడచువానికి నేటికిని కలదు.

ఇక నా కథ ముగింపు. గోనెగండ్లలో నేను చిక్కియుండగా అక్టోబరు 2వ తేదీన ఫోనుల మీద వార్తలు వచ్చినవి. తుంగభద్ర పొంగి మంత్రాలయము మునిగినది. భక్తులు మేడలపై తలదాచుకొనిరి. కర్నూలులో తుంగభద్రయు హంద్రియు ఒక్కటై పాతనగరపు వీధులలో ప్రవహించినవి. ఎందరో ప్రాణములు గోల్పోయిరి. వేలమందికి నిలువ నీడ లేకపోయెను. కృష్ణ తోడుకాగా శ్రీశైలపు ఆనకట్టకు అది కట్టినప్పుడు తలచిన దానిని మించిన నీరు చేరెను. నా లెక్క ప్రకారము నేను ఆ 2వ తేదీ సాయంకాలమునకు కర్నూలు పాతనగరమున ఒక సత్రమున బస చేయవలసినవాడను.

ఈ మాట విని నాపై దైవకృప కలిగినదని కొందరనిరి. నేనట్లనను. ఆ రాత్రి నీట పోయినవారిపై దైవమునకు కృప లేదనుట నాకు నోరు రాదు. నాకు తెలిసినది ఒక్కటే: నన్ను ఆపినది ఒక మనుష్యుడు. తన నాలుగెకరముల పత్తి కండ్లముందు మునుగుచుండగా, తన దుఃఖము నటుంచి, ఎవడో తెలియని బాటసారిని కేకవేసినవాడు.

3వ తేదీన ఆదోని చేరితిని. నేను భయపడినట్లు ఎవరును నవ్వలేదు. ఊరంతయు కర్నూలులోని బంధువులకొరకు ఫోనుల యొద్ద నుండెను. నా సిగ్గు నా యొక్కని సొత్తేయని అప్పుడు తెలిసినది.

2010 మార్చి 16వ తేదీ ఉగాది. దానికి ముందు యెమ్మిగనూరిలో కన్నడ యాత్రికుల గుంపుతో కలిసి మరల బయలుదేరితిని. ఈసారి ఒంటరిగా కాదు. నేను తిరిగిన వంకయొద్దకు వచ్చునప్పటికి అందు చుక్క నీరు లేదు. ఇసుకలో మేకలు నిలిచియున్నవి. గట్టుమీది చేనిలో ఆ పెద్దాయన యుండెను. నన్ను గుర్తుపట్టి, "వచ్చినారా అయ్యోరా" యని చెంబుతో మజ్జిగ తెచ్చి యిచ్చెను. పత్తి యేమైనదని యడిగితిని. "అది పాయె. మళ్ళీ ఏస్తాం" అనెను. నేను శ్రీశైలమున మా తల్లి మ్రొక్కు చెల్లించి, ఆ పెద్దాయన పేర కూడ ఒక కొబ్బరికాయ కొట్టితిని.

పెద్దలారా! మీ యిండ్లలో యువకులు నేడును ఒంటరిగా దూరపు నడకలకు బయలుదేరుచున్నారు. వారిని వారింపకుడు, నడక మంచిది. గాని బయలుదేరునప్పుడు మాత్రము, "కాలము బాగులేకున్న తిరిగిరా, నాయనా, నిన్నెవరు ఏమియు అనరు" అని ఒక్కమాట చెప్పి పంపుడు. ఆ మాట చెప్పువారు లేకయే పెక్కుమంది వంకలోనికి దిగుచున్నారు. మీరు చెప్పినచో వారు వినెదరు.

సెలవు.